చక్రమును పట్టి నిలుపు స్టడ్డు

విశాఖపట్టణపు రేవునుండి బొగ్గును, ఎరువులను ఎత్తుకొని, ఉక్కు కర్మాగారమునుండి కడ్డీలను, తీగచుట్టలను నింపుకొని, పగలనక రాత్రియనక జాతీయ రహదారి వెంట సాగిపోవు లారీలకును, వాని నడుమ ఒదిగి ఒదిగి నడచు చిన్న కార్లకును సమానమైన విషయ మొకటి కలదు. వాహనము ఎంతటిదైనను దాని చక్రమును హబ్బునకు కట్టి యుంచునవి కొన్ని పొట్టి ఉక్కు స్టడ్డులు మాత్రమే. చిన్న కారునకు చిటికెనవ్రేలి లావున నాలుగు. పెద్ద లారీకి బొటనవ్రేలి లావున ఎనిమిదియో పదియో. ఇంజను శక్తిని గూర్చియు, మైలేజిని గూర్చియు గంటలకొలది ముచ్చటించువారు సహితము వీనిని తలంచుట అరుదు. టైరు పంక్చరై, రోడ్డుప్రక్క జాకీ పెట్టి చక్రము మార్చునపుడు, నట్టు రెండు చుట్లు తిరిగి మొరాయించిననాడో, స్పానరు క్రింద పట్టు హఠాత్తుగ వదలి స్టడ్డు పుటుక్కున తెగిననాడో మాత్రమే అవి జ్ఞప్తికి వచ్చును. ఈ కష్టములలో పెక్కు భాగము మనము చేజేతులార తెచ్చుకొనునవే. స్టడ్డు చేయు పని యెట్టిదో ఒకసారి స్పష్టముగ గ్రహించినచో వానిని నివారించుట సులభము. కాని ఆ పనిని గూర్చి జనులలో పాదుకొని యున్న భావన సత్యమునకు సరిగా విరుద్ధమైనది.

కారు బరువంతయు స్టడ్డులపై వ్రేలాడుచున్నదని పలువురు తలంతురు. నట్టులు సరిగా బిగిసిన చక్రమున ఇది నిజము కాదు. గడ్డిబండిపై బిగించిన మోకు గడ్డిని మోయదు. దానిని బండికి అదిమి పట్టును, ఆ అదుముడువలన పుట్టిన రాపిడియే మోపులను జారనీయదు. స్టడ్డు పనియు ఇట్టిదే. నట్టును త్రిప్పినకొలది స్టడ్డు అణుమాత్రము సాగును. సాగిన ఉక్కు మరల కుదించుకొన యత్నించుచు రిమ్మును హబ్బు ముఖమునకు గట్టిగా నొక్కిపట్టును. ఆ రెండు లోహతలముల నడుమ జనించిన ఘర్షణయే వాహనభారమును, బ్రేకు వేసినపుడు కలుగు మెలిని, మలుపులలోని ప్రక్కత్రోపును భరించును. సాగిన స్థితిలో చెదరక నిలిచియుండుటయే స్టడ్డు ధర్మము.

ఇందలి బలములు మన ఊహకు మించినవి. 12 మిల్లీమీటర్ల వ్యాసము గల స్టడ్డుపై నట్టును 100 న్యూటన్-మీటర్ల టార్కుతో బిగించితి మనుకొందము. అనగా 25 సెంటీమీటర్ల స్పానరు కొనపై దాదాపు 40 కిలోల బరువు మోపినంత శ్రమ. చిన్న కార్ల తయారీదారులు చెప్పు టార్కు సాధారణముగ ఈ అంకెకు అటునిటుగనే యుండును. మరలు పొడిగా, శుభ్రముగా ఉన్నచో ఆ ఒక్క స్టడ్డులో పుట్టు లాగుడు 4 టన్నులకు పైబడును. నాలుగు స్టడ్డులును కలిసి రిమ్మును 16, 17 టన్నుల బలముతో హబ్బునకు అదుమును. చిన్న కారున ఒక్కొక్క చక్రముపై పడు బరువు 250, 300 కిలోలు. లోహతలముల ఘర్షణ గుణకము 0.15 మాత్రమే అనుకొన్నను, జారుడుకు ఎదురొడ్డు బలము 2 టన్నులను దాటి యుండును. అందుచేతనే గుంతలలో పడి లేచినను చక్రము హబ్బుపై వెంట్రుకవాసియైనను కదలదు.

ఐతే స్పానరుపై మనము పెట్టు శ్రమలో ఇంచుమించు సగము నట్టు కూర్చుండు ఆసనమువద్ద, మరి నలుబది పాళ్ళు మరల నడుమ రాపిడికే వ్యయమైపోగా, స్టడ్డును సాగదీయుటకు మిగులునది పదోవంతు మాత్రమే. కావున రాపిడిలో కొద్దిపాటి మార్పు వచ్చినను ఆ పదోవంతు తలక్రిందులగును. మరుసటిసారి సులువుగా ఊడునను సదుద్దేశముతో మరలకు ఇంజను ఆయిలో, గ్రీసో పూయు అలవాటు మనవారిలో మెండు. అట్లు పూసి, మునుపటి బలముతోనే బిగించినచో 4 టన్నుల లాగుడు 6 టన్నుల దాపునకు పోవచ్చును. తుప్పు తిన్న మరలపై అదే బలము సగము లాగుడునైనను పుట్టింపకపోవచ్చును. తయారీదారు ప్రత్యేకముగ చెప్పిననే తప్ప చక్రపు స్టడ్డు మరలపై నూనె కూడదనుటకు కారణ మిదియే. నట్టు కూర్చుండు వాలు ఆసనమునకు గ్రీసు ఎన్నడును తగదు.

ఇంతకును స్టడ్డు సాగునది యెంత? మరల అడుగున 88 చదరపు మిల్లీమీటర్ల వైశాల్యముపై 4 టన్నుల లాగుడు పడినపుడు చదరపు మిల్లీమీటరునకు దాదాపు 470 న్యూటన్ల ప్రతిబలము కలుగును. ఉక్కు స్థితిస్థాపకతనుబట్టి లెక్కించినచో, 20 మిల్లీమీటర్ల నిడివి గల భాగము సాగునది మిల్లీమీటరులో ఇరువదవవంతు మాత్రమే. తలవెంట్రుక మందము సాధారణముగ ఇంతకు తక్కువ యుండదు. టన్నులకొలది అదుముడంతయు ఈ వెంట్రుకపాటి సాగుడుపై ఆధారపడి యున్నదని తెలిసినపుడు, రిమ్మునకును హబ్బునకును నడుమ ఏమి చిక్కుకొనియున్నదను ప్రశ్నకు గల ప్రాధాన్యము తేటతెల్లమగును. అక్కడ అంత మందపు తుప్పుపొరయో, ఎండిన మట్టియో, దట్టముగా కొట్టిన రంగో ఉన్నచో, వాహనము నడచినకొలది అది నలిగి పొడియై రాలిపోవును. అది నలిగినంతమేర స్టడ్డు సడలును. నట్టు పావుచుట్టైనను తిరుగకయే బిగువు మాయమగును. చూపునకు నట్టు ఉన్నచోటనే యుండును. లోపలి లాగుడు మాత్రము మిగులదు.

విశాఖవాసులకు ఇది పుస్తకములలోని విషయము మాత్రమే కాదు. 1933లో పెద్ద ఓడలకు రేవు తెరచుకొన్ననాటినుండి ఈ ఊరి బ్రతుకంతయు సముద్రముతో పెనవేసికొనియున్నది. ఆ సముద్రపు గాలి తెచ్చు సూక్ష్మమైన ఉప్పు తుంపర బీచి రోడ్డున నిలిపిన కార్లపైనను, సింధియా దారిన బారులుతీరిన లారీలపైనను నిత్యము వాలుచునే యుండును. సాపేక్ష ఆర్ద్రత 75 శాతమును దాటినతోడనే సోడియం క్లోరైడు గాలిలోని తేమను పీల్చి ద్రవముగ మారును. మన తీరమున ఆర్ద్రత ఆ హద్దును దాటని దినములు తక్కువ. అట్లేర్పడిన ఉప్పునీటి పొరలోని క్లోరైడు అయానులు ఉక్కుపై రక్షణగా నిలువదగు పలుచని ఆక్సైడు పొరను భేదించి, తుప్పు పనిని త్వరితము చేయును. వర్షము కడుగు బాహ్యభాగములకన్న, కడుగుటకు వీలులేని సందులలో, అనగా రిమ్ము వెనుకను, నట్టు అడుగునను, ఉప్పు ఎక్కువకాలము నిలిచియుండును. ఈ కారణముచే మన ఊరిలో చక్రము విప్పినప్పుడెల్ల హబ్బు ముఖమును, రిమ్ము లోతలమును తీగబ్రష్షుతో మెరయునంతవరకు తోమి, పొడి గుడ్డతో తుడిచి మరీ ఎక్కింపవలెను. ఐదు నిమిషముల పని ఇది. దీనిని మించిన రక్షణ స్టడ్డునకు మరొకటి లేదని నేను నిస్సంకోచముగ చెప్పుదును.

అతిగా బిగించుటచే స్టడ్డు తెగునని భయపడువారు, సడలిన నట్టుచే తెగు స్టడ్డులను గూర్చి ఆలోచింపరు. చిన్న కారు చక్రము కిలోమీటరునకు 550 చుట్లకు పైగా తిరుగును. బిగువు చెడని స్టడ్డునకు ఆ చుట్లలోని హెచ్చుతగ్గులలో స్వల్పాంశమే సోకును, ఏలనన అదిమిపట్టబడిన లోహతలములే అధికభాగమును పంచుకొనును. బిగువు పోయినపుడు అది అటునిటు వంగుచు, చుట్టు చుట్టుకును ఒక వంపు భరించుచు, విశాఖనుండి అరకు చేరులోపల అరువదివేలకు మించిన మారులు బాధ పడును. లోహము తన బలమునకు ఎంతో తక్కువైన భారముక్రిందనే, పదేపదే వంపబడుటచే తెగునను సత్యమును 19వ శతాబ్దమున ప్రష్యా రైళ్ళ ఇరుసులపై ఏండ్లతరబడి పరీక్షలు జరిపి నిరూపించినవాడు ఆగస్ట్ వోలర్. అట్లు అలసి తెగిన స్టడ్డు ముఖమును చూచినచో, ఒక అంచునుండి ఇసుకపై అలల గుర్తులవలె వంకర రేఖలు వ్యాపించి నున్నగా ఉండును. చివరకు ఒక్కపెట్టున తెగిన కొద్ది భాగము మాత్రము గరుకుగా కానవచ్చును. ఈ గుర్తులు గల స్టడ్డు దొరికినచో తప్పు ఉక్కుదని నిందింపక, ఆ చక్రపు నట్టులు ఎంతకాలముగ సడలి యున్నవో విచారింపవలెను.

ఆ ఉక్కును గూర్చి ఇక్కడ ఒక మాట. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగి, 1992 ఆగస్టు 1న జాతి కంకితమైన మన ఉక్కు కర్మాగారమున, గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అను పేర్లు గల బ్లాస్టు ఫర్నేసులనుండి వెలువడిన ఇనుము ఉక్కుగా మారి, చదరపు బిల్లెట్లై, తీగమిల్లున ఎర్రగా కాలుచు వరుస రోలర్ల నడుమ సన్నబడి సన్నబడి చుట్టలుగా పడును. నట్టులు, బోల్టులు, స్టడ్డులు చేయు కార్ఖానాలు ఎచ్చటనున్నను, వాని ముడిసరుకు ఇట్టి ఉక్కు తీగచుట్టయే. ఆ తీగను తుంచి, వేడిచేయకయే అచ్చులలో అదిమి తల తీర్చి, రెండు గట్టి అచ్చుల నడుమ దొర్లించి మరలు పుట్టింతురు. ఇది మిక్కిలి ముఖ్యమైన విషయము. లేతుపై కోసిన మరలో లోహపు పోగులు తెగిపోవును. దొర్లించిన మరలో అవి తెగక మర వంపు వెంట వంగి ప్రవహించును, పైగా అడుగున లోహము నొక్కుకొనిపోయి గట్టిపడును. అలసటను తట్టుకొను శక్తిలో రెంటికిని గల తారతమ్యము ఇక్కడనే యున్నది. కాల్చి, నూనెలో చల్లార్చి, మరల మితముగ వేడిచేసి పదునుపెట్టిన తరువాత, 10.9 తరగతి స్టడ్డు చదరపు మిల్లీమీటరునకు 900 న్యూటన్లవరకు లొంగదు, 1000 న్యూటన్లవరకు తెగదు. సాధారణపు మెత్తని ఉక్కు 250 వద్దనే లొంగిపోవును. పైన చెప్పిన 470 న్యూటన్ల ప్రతిబలమును తలంచుకొన్నచో, మూలనున్న కడ్డీముక్కను లేతుపై త్రిప్పి స్టడ్డు చేయించుకొనుట ఎంత ప్రమాదమో వేరుగ చెప్ప నక్కరలేదు. అది మొదటి బిగింపులోనే సాగిపోయి, మరల కుదించుకొనదు.

ఇక స్టడ్డులు చెడు విధానము. గాజువాక ఆటోనగర్‌లోని షెడ్డులలో మరలు చెడిన హబ్బులు నిత్యము కనబడును. అందులో ఒకచోట, ఎడమచేత హబ్బును త్రిప్పుచు కుడిచేత నట్టు పట్టుకొనియున్న ఒక వృద్ధ మెకానిక్కు తన వద్ద పని నేర్చుకొను కుర్రవానితో అన్న మాటలలో సగము శాస్త్ర మున్నది: “గన్ను ముందెట్టేస్తే మర ఎలాగ పడతాదిరా? చేత్తో నాలుగు చుట్లు తిరగాల. తిరగలేదంటే ఎక్కడో తేడా ఉన్నట్టే, ఇప్పేసి మళ్లీ ఎట్టు.” ఆయన నట్టును స్టడ్డు కొనపై నిలిపి, ముందు ఎడమవైపు మెల్లగా వెనుకకు త్రిప్పెను, నట్టు మర అంచు స్టడ్డు మర అంచునుండి జారి సన్నగ టిక్కుమన్న క్షణమున ఆగి, కుడివైపు త్రిప్పెను. నట్టు వేళ్ళ బలముతోనే చివరివరకు పోయెను. నట్టు వంకరగా ఎక్కినపుడు దాని మర స్టడ్డు మరను అడ్డముగ కోసికొని పోవును. చేతికి అది తెలియును, నట్టులు బిగించు గాలిగన్నుకు తెలియదు. గన్నుతో మొదలుపెట్టుటయే మన కాలమున మరలు చెడుటకు ప్రధాన కారణమని నా అభిప్రాయము.

రెండవ కారణము తగని నట్టు. మారుతీ సుజుకీ చిన్న కార్లలో మర అంతరము 1.25 మిల్లీమీటర్లు, హ్యుందాయ్, టయోటా, హోండా కార్లలో 1.5 మిల్లీమీటర్లు, వ్యాసము మాత్రము అన్నింటికిని 12 మిల్లీమీటర్లే. ఒకదాని నట్టు మరొకదానిపై ఒకటి రెండు చుట్లు బాగుగనే తిరిగి పిదప బిగుసుకొనును. తుప్పు కాబోలునని స్పానరు వేసి త్రిప్పినచో రెండును చెడును. పాత అల్లాయ్ చక్రములను, నట్టులతోసహా, ఒక కారునుండి మరొక కారునకు మార్చువారు దీనిని తప్పక చూచుకొనవలెను. నట్టు అడుగు ఆకారమును చూడవలసినదే. కొన్ని చక్రములకు వాలు ఆసనము, కొన్నింటికి గుండ్రని ఆసనము, కొన్నింటికి చదును ఆసనము ఉండును. ఒకదాని నట్టు మరొకదానిపై గీత వెడల్పున మాత్రమే ఆనుకొనును. మరలు ఎన్ని చుట్లు పట్టినవన్నదియు ముఖ్యమే: కనీసము స్టడ్డు వ్యాసమునకు సమానమైన లోతు, అనగా 1.5 అంతరమునకు ఎనిమిది చుట్లు పట్టవలెను. నట్టులో మొదటి మర ఒక్కటియే మొత్తము లాగుడులో మూడోవంతు మోయును; పట్టిన మరలు తగ్గినకొలది దానిపై భారము హెచ్చును.

మూడవది చక్రమును ఎక్కించు తీరు. బరువైన చక్రమును ఎత్తి స్టడ్డుల కొనలపై ఊగులాడించినచో రిమ్ము రంధ్రపు అంచు మొదటి మరలను చితుకగొట్టును. పాదముతో చక్రము అడుగును ఎత్తిపట్టి, పైనున్న స్టడ్డునకు రంధ్రమును సరిచూచి, నేరుగ లోనికి త్రోయుట మేలు. నట్టులన్నిటిని చేతితో పట్టించి, చక్రము గాలిలో ఉండగనే ఎదురెదురుగ కొద్దిగా బిగించి, జాకీ దింపిన పిదప అదే క్రమమున టార్కు రెంచితో ముగింపవలెను. నాలుగు నట్టులున్నచోట కర్ణముగా, అయిదున్నచోట ఒకటి విడిచి ఒకటిగా. స్పానరునకు గొట్టము తొడిగి, దానిపై నిలుచుండి త్రొక్కువారిని మనము చూచుచునే యున్నాము. మీటరు పొడవు గొట్టముపై 70 కిలోల మనిషి నిలిచినచో 680 న్యూటన్-మీటర్లకు పైబడిన టార్కు. చిన్న కారు స్టడ్డు అందులో సగమునకు ముందే లొంగిపోవును. కొన్ని పాత లారీలకు ఎడమప్రక్క చక్రముల మరలు ఎడమచుట్టువి. విప్పుచున్నామనుకొని వానిని ఇట్లు త్రొక్కి తెగగొట్టిన సంఘటనలు లారీవారికి సుపరిచితములు.

మర చెడినపుడు చేయవలసినది చెడిన మేరను బట్టి యుండును. కొనయందలి ఒకటి రెండు మరలు మాత్రమే చితికినచో, మర సరిదిద్దు ఆకురాయితోగాని, మరలను చక్కజేయుటకు ప్రత్యేకించిన డైతోగాని నూనె వేసి మెల్లగ సవరింపవచ్చును. పని కాగానే ఆ నూనెను పూర్తిగా తుడువవలెను. క్రొత్త మరలు కోయు డైను దీనికి వాడరాదు. అది దొర్లించిన మరలోని గట్టిపడిన పొరను గీచివేయును. మరల నడిమిభాగము చెడినను, స్టడ్డు నడుమ సన్నబడి మెడవలె కనబడినను, అది సాగి లొంగిపోయినదే. దానికి మరమ్మతు లేదు, మార్పే మార్గము. మరపై వెల్డింగు పోసి తిరిగి కోయించుట, చెడిన నట్టును స్టడ్డునకు అతికించి బండి నడుపుట, గ్యాసుమంటతో ఎర్రగా కాల్చుట, ఇవన్నియు ఆ ఉక్కుకు పెట్టిన పదునును హరించును. తీసి పారవేయదలచిన స్టడ్డు విషయమున మాత్రము నట్టును చీల్చుటయో, వెల్డింగు సాయముతో ఊడదీయుటయో తప్పు కాదు.

క్రొత్త స్టడ్డు వేయుటకు చక్రమును, బ్రేకు డ్రమ్మునో డిస్కునో తొలగింపవలెను. డిస్కు బ్రేకులున్నచోట క్యాలిపరును దాని రబ్బరు గొట్టముపై వ్రేలాడనీయక తీగతో కట్టి యుంచవలెను. స్టడ్డు తలక్రింద నిలువు పండ్లుండును. హబ్బు రంధ్రమున అవి బిగిసి, స్టడ్డును తిరుగనీయవు. పాతదానిని సమ్మెటతో దభీమని కొట్టుటకన్న ప్రెస్సుతోగాని, బిగింపు క్లాంపుతోగాని నెట్టుట శ్రేయము; దెబ్బలు బేరింగు గుండ్లకు చేరి వాని దారిలో గుంతలు పడును, కొన్నివేల కిలోమీటర్ల పిదప ఆ రొద వినబడును. క్రొత్తదాని పండ్ల వ్యాసమును పాతదానితో కొలిచి సరిపోల్చుకొని, పండ్లు పాత గాడిలో కూర్చుండునట్లు నిలిపి, ప్రెస్సుతో తల హబ్బు వెనుక ముఖమునకు అంటునంతవరకు లోనికి దింపవలెను. ప్రెస్సు దొరకనిచోట వాషర్లు పేర్చి, వాడి పారవేయదగిన నట్టుతో లాగుదురు. ఆ నట్టును మరల చక్రమునకు వాడరాదు. తల ఒకప్రక్క ఎత్తుగ నిలిచినచో పిదప అది కుదురుకొనునపుడు బిగువంతయు పోవును. సడలుటచే ఒక స్టడ్డు తెగినదని తేలినచో, దాని ప్రక్కవియు అదే శ్రమను అనుభవించినవి గనుక ఆ హబ్బుపై స్టడ్డులన్నిటిని మార్చుట ఉత్తమము. స్కోడా, ఫోక్స్‌వాగన్ కార్లకు స్టడ్డులుండవు. బోల్టులు నేరుగ హబ్బులోని మరలకే ఎక్కును. అక్కడ చెడునది హబ్బు మర కావున వేళ్ళతో మొదలుపెట్టు నియమమును మరింత నిష్ఠతో పాటింపవలెను.

కొత్తగా కలిసిన తలములు కొద్దిదూరపు నడకలో కుదురుకొనును కనుక, 50 మొదలు 100 కిలోమీటర్లలోపల చక్రములు చల్లారిన వేళ టార్కును మరల పరీక్షింపవలెను. ఊరిలో తిరుగువారు మరునాటి ఉదయము ఇంటివద్దనే ఈ పని చేయవచ్చును. విజయనగరము మీదుగ శ్రీకాకుళము వైపు పోవువారు అక్కడ ఆగవచ్చును. చక్రము మార్చుకొని అరకు బయలుదేరినవారు ఘాటురోడ్డు ఎక్కకముందే శృంగవరపుకోటలో బండి నిలిపి, రెంచి పెట్టి నాలుగు నట్టులను వరుసగా చూచుకొని సాగవలెను.